యూరియా సంచి కింద సముద్రం

ఎండిపోయిన బోరు మూతికి కట్టిన యూరియా సంచి మెల్లగా ఉబ్బింది. కాసేపు అలాగే నిలిచి, మళ్ళీ మెల్లగా అణిగింది. గాలి లేదు. చుట్టూ వేరుశనగ చేనులో ఆకు కూడా కదలడం లేదు. సంచి మళ్ళీ ఉబ్బింది, నిద్రపోతున్న మనిషి పొట్టలాగా. కలుపు తీస్తున్న తిప్పక్క చేతిలో పని వదిలి దాన్నే చూస్తూ కూర్చుండిపోయింది. ఇదంతా నేను చూసింది ఆమె మరిది ఓబులేసు ఫోనులో తీసిన వీడియోలో. నేను చేరేసరికి సంచి కదలడం మానేసింది.

అప్పుడు నేను అనంతపురంలో ఒక దినపత్రికకు స్టాఫ్ రిపోర్టర్‌ని. పదవీ విరమణకు ముందు అదే నా చివరి పోస్టింగు. మా కింద మండలానికొక విలేకరి ఉండేవాడు. అతను పంపిన వార్తను మేము సరిచూసి డెస్కుకు, అంటే వార్తలు దిద్ది పేజీలో పెట్టే విభాగానికి, పంపేవాళ్ళం. వింత వార్తలకు డెస్కు ఒక నియమం పెట్టుకుంది. స్టాఫ్ రిపోర్టర్ స్వయంగా వెళ్ళి చూడనిదే అవి అచ్చు కావు. అందుకే ఉరవకొండ విలేకరి వన్నూరుస్వామి ఫోన్ చేసి, చచ్చిన బోరు ఊపిరి తీస్తోందని చెప్పగానే బయలుదేరాను. శీర్షిక కూడా అతనే సిద్ధం చేసి ఉంచాడు: ‘చచ్చిన బోరుకు ప్రాణం’.

తిప్పక్క భర్త పోయాక ఆ చేను ఆమే చూసుకుంటోంది. రెండేళ్ళ కిందట నీళ్ళు అడుగంటితే మోటారు పైకి లాగించి కొట్టంలో పెట్టింది. మా వైపు ఎండిన బోరులో రాళ్ళూ మట్టీ పడకుండా దాని మూతికి సంచి కప్పి, తాడుతో బిగించి కడతారు. ఒకసారి కట్టాక మళ్ళీ విప్పి చూసేవాళ్ళు ఉండరు. లోపల ఏమీ లేదని తెలిసిన చోట చూడటానికి ఏముంటుంది?

ఆ పొద్దున కూడా వెంటనే విప్పలేదు. గంగమ్మ ఊపిరికి అడ్డం పోకూడదని ఆడవాళ్ళు పట్టుబట్టారట. సంచికి పసుపు పూశారు, కుంకుమ పెట్టారు, కొబ్బరికాయ కొట్టారు. అంతా అయ్యేసరికి సంచి అణిగిపోయింది. అప్పుడు తాడు కోసి ఓబులేసు లోపలికి రాయి వేశాడు. చాలాసేపటికి అడుగున నీళ్ళ చప్పుడు వినిపించింది. ఆ చప్పుడు విన్నప్పటి నుంచి తిప్పక్కకు కాలు నిలవలేదు.

చేను ఊడలు దిగే దశలో ఉంది. వేరుశనగ పువ్వు రాలాక కొమ్మ నుంచి సన్నని మేకులాంటిది నేలలోకి దిగుతుంది. అదే ఊడ. కాయ దాని కొనలో కడుతుంది. నేల గట్టిపడితే ఊడ దిగదు, కాయ కట్టదు. వానలు మొహం చాటేసి చాలా రోజులైంది. ఒక్క తడి పడితే పంట నిలుస్తుంది. కానీ మోటారు దించాక నీళ్ళు జారిపోతే, ఉత్తగా తిరిగి మోటారు కాలిపోతుంది. ఆమెకున్నది ఆ ఒక్క మోటారే.

భూగర్భ జలాలు చూసే అధికారిణి సలోమి నాకు చాలాకాలంగా పరిచయం. వీడియో పంపితే మధ్యాహ్నానికి జీపులో వచ్చారు. నీరు తగలగానే కూసే టేపును బోరులోకి దించి కొలిచారు. నీళ్ళు ఉన్నాయి. వేపచెట్టు నీడలో కూర్చుని సంగతి చెప్పారు. తెల్లవారాక సుమత్రా దగ్గర సముద్రం అడుగున పెద్ద భూకంపం వచ్చింది. మనం నిలబడిన నేల, బంగాళాఖాతం అడుగు, రెండూ ఒకే రాతి పలక. దాని తూర్పు అంచు అక్కడ పక్క పలక కిందికి ఏటా రెండు మూడు వేళ్ళ వెడల్పున దూరుతూ ఉంటుంది. కొన్నిచోట్ల పట్టుకుని ఏళ్ళ తరబడి ఆగిపోతుంది. పట్టు వదిలిన రోజు భూకంపం. ఆ అలలు నిమిషాల్లో ఇక్కడిదాకా వస్తాయి. ఎంత వేగంగా వచ్చినా వాటి ఒక్కో ఊపు చాలా నిదానం కాబట్టి మనిషికి తెలియవు. బండలోని నెర్రెలు మాత్రం ఒకసారి బిగుసుకుని ఒకసారి వదులవుతాయి. బోరులో నీళ్ళు పైకీ కిందికీ ఊగుతాయి. ఆ నీళ్ళు తోసిన గాలే సంచిని ఉబ్బించింది.

తిప్పక్క అంతా విని, “అంటే ఈ నేలే పోయి ఆడ మునుగుతాండాదా?” అని అడిగింది. అవునన్నారు సలోమి.

“రాయదుర్గం బస్సు టయానికి రాదు గానీ వదినా, నేల మాత్రం రోజూ పోతాండాదంట,” అన్నాడు ఓబులేసు. సలోమి కూడా నవ్వారు.

తిప్పక్క నవ్వలేదు. నావైపు తిరిగింది. “పేపర్లో నువ్వు ఎట్లన్నా రాసుకో అన్నా. మోటరు దించల్లా వద్దా, అది చెప్పండి.”

నేను సలోమి వైపు చూశాను. నీళ్ళు కొత్తగా పుట్టలేదని, ఎక్కడివో కదిలి వచ్చి ఉండవచ్చని, ఎన్నాళ్ళు నిలుస్తాయో తనకు తెలియదని ఆమె చెప్పారు.

“తెలీదంటే లేవని కాదు కదమ్మా,” అని తిప్పక్క, మనుషులను పిలవమని ఓబులేసును పంపింది.

ఉరవకొండ నుంచి మోటార్లు దించేవాళ్ళు మూడు కాళ్ళ స్టాండు, గొలుసు తెచ్చి సాయంత్రానికి దించారు. తిప్పక్క స్టార్టరు పక్కన కూర్చుని ఒక చెయ్యి పైపు మీదే ఉంచింది. నీళ్ళు తగ్గి మోటారు గాలి లాగితే పైపు అదురుతుంది. ఎర్రటి నీళ్ళు వచ్చాయి, తర్వాత తేటనీళ్ళు. చేను దిగువ భాగం తడిసింది. మర్నాడు మళ్ళీ వేస్తే ఇంకాస్త పారి, పైపు అదిరింది. ఆమె వెంటనే మీట దించేసింది. మోటారు కాలలేదు. ఆ పంటలో దిగువ చేను కాయ ఇచ్చింది. ఎగువ చేను పశువులకు మేతయింది.

డెస్కు నన్ను అడిగింది ఒకటే: బోరులో నీళ్ళు పెరిగాయా, లేదా? తెలియదని రాశాను. దూర భూకంపానికి బోరులో గాలి కదిలిందని, నీటిమట్టంపై నిర్ధారణ లేదని చిన్న వార్త ఒకే కాలమ్‌లో వచ్చింది. “నా హెడ్డింగును పూడ్చిపెట్టినారు కద సార్,” అన్నాడు వన్నూరుస్వామి.

ఆ వార్త నాకు నేర్పింది చిన్న విషయమే. పెరిగింది అని రాయాలంటే, అంతకుముందు ఎంత ఉందో ఎవరో ఒకరు చూసి ఉండాలి. సంచి కట్టిన ఆ రెండేళ్ళలో బోరులోకి ఎవరూ చూడలేదు. ఆ నీళ్ళు సముద్రం అడుగు జారిన పొద్దునే వచ్చాయో, అడపాదడపా పడిన వానలకు ఊరి ఎప్పటినుంచో అక్కడే ఉన్నాయో తేల్చడానికి ఆధారం లేదు. ఓబులేసు చేనులోని ఎండిన బోరు పిలిస్తే పలికేంత దూరంలో, అదే బండలో ఉంది. దానికీ సంచే కట్టి ఉంది. ఆ పొద్దున అది కదలలేదు. ఎందుకు కదలలేదో సలోమికి ఇప్పటికీ తెలియదు.