దిన్నె చదును చేసినప్పుడు

లింగాల దగ్గర మా అత్తగారి ఊరికి తూర్పున ఒక దిన్నె ఉండేది. ఏ కాలంలోనో ఎవరో కాపురముండి పోయిన చోటని ఊరందరికీ తెలుసు. వాన వెలిసిందంటే చాలు, ఎర్రటి పెంకులూ నల్లటి పెంకులూ పైకి తేలేవి. ఆ మన్నులో సత్తువ ఎక్కువని రైతులు తోటలకు తోలుకునేవాళ్ళు. పసిబిడ్డలు పోతే కాల్చరు కదా, పూడ్చేదీ అక్కడే. ఏడాది నిండని నా కూతురు జ్వరంతో పోయినప్పుడూ అక్కడికే తీసుకుపోయారు.

నేను చూడలేదు. తల్లి వెంట పోకూడదట. మా ఆయన చీనీ బత్తాయికాయల లారీతో బెంగుళూరులో ఉన్నాడు. మా మామ ఒక్కడే బిడ్డను తన కండువాలో చుట్టుకుని బయలుదేరాడు. వాకిట్లో పడి ఏడుస్తున్న నన్ను ఆడవాళ్ళు లేవకుండా పట్టుకున్నారు. ఆ చేతుల మీద నాకిప్పటికీ కోపమే. తర్వాత ఎన్నిసార్లు అడిగినా మామది ఒకటే మాట.

"ఇప్పుడెందుకుమ్మా అయ్యన్నీ. తిండి తిను."

మొండిమనిషి. నేనేం తక్కువ తిన్నానా, ఆయనకు సంగటి పెడుతూ కూడా అదే అడిగేదాన్ని.

మొన్న ఎండాకాలం ఆ దిన్నె సొంతదారు చీనీ మొక్కలు నాటాలని జేసీబీ పెట్టించాడు. నేను ప్రొద్దుటూరులో పుట్టింట్లో ఉన్నాను. అత్తగారింటి పక్కింటామె ఫోన్ చేసి, "అక్కా, దిన్నె పోతాంది" అంది. కట్టుకున్న చీరతోనే బస్సెక్కాను. పులివెందులలో దిగి ఆటో పట్టుకుని పోయేసరికి దిన్నె లేదు. ఒక అంచు మాత్రం మిగిలింది. అందులో బొమికలున్న కుండ బయటపడిందని కాలేజీలో చరిత్ర చెప్పే లెక్చరర్ ఒకాయన పిల్లల్ని వెంటేసుకొచ్చి మిషను ఆపించాడంట.

నేనూ ఆ కుండలోకి తొంగిచూశాను. అగ్గిపుల్లలంత ఎముకలు, రెండు పూసలు.

"పసిబిడ్డమ్మా" అన్నాడాయన. "వేల ఏళ్ళ కిందటిది. అప్పట్లో కొందరు బిడ్డ పోతే ఇట్లా కుండలో పెట్టి, ఇంట్లోనే నేల కింద పూడ్చేవాళ్ళు."

"ఇంట్లోనేనా?"

"అవునమ్మా. ఇదిగో, ఈ గట్టినేల వాళ్ళ ఇల్లే."

పేరూ ఊరూ తెలియని ఆ బిడ్డ తల్లి మీద నాకు కుళ్ళు పుట్టింది. ఆమె వండుకున్నా, పడుకున్నా బిడ్డ కిందనే ఉంది. ఎవరినీ అడుక్కోవలసిన గతి పట్టలేదు.

ఆయన తన ధోరణిలో చెప్పుకుపోతున్నాడు. చదువుకోవడానికి కొన్నాళ్ళు ఇంగ్లండులో ఉన్నాడంట. అక్కడొక జిల్లాలో పొలాలు దున్నుతుంటే, ఎప్పుడో సముద్రం దాటొచ్చి స్థిరపడిన వైకింగుల దువ్వెనలు, శాక్సన్ల కుండలు దొరుకుతాయంట. ఊరి పేరు వింటే చాలు, అట్లా వచ్చినవాళ్ళలో ఎవరు ఎక్కడ దిగారో చెప్పెయ్యొచ్చంట.

"ఎవురెవురో యాడ దిగినారో చెప్తాండావు గదా సార్" అన్నాను. "నా బిడ్డ యాడుందో చెప్పు సూద్దాం."

పాపం, ఆయన తప్పేముంది.

గట్టు మీద నిలబడి ఉన్న మామ దగ్గరికి పోయాను. "మామా, ఈపొద్దు చెప్పకపోతే ఒప్పుకోను. యాడ పెట్టినావు?"

ఈసారి తిండి మాట ఎత్తలేదు. దిగి వచ్చాడు. "ఈడ కంపచెట్టు ఉండె" అని కొంతదూరం నడిచాడు. "కాదు, ఆడ" అని వెనక్కి తిరిగాడు. ఎటు చూసినా ఒకటే ఎర్రనేల, మిషను పళ్ళ గీతలు. చివరికి కట్టె ఆనించుకుని అట్లాగే నేలమీద కూలబడ్డాడు. ఆయన ఏడవడం నేను చూడటం అదే మొదలు.

"తెల్డంల్యామ్మా. నాకూ తెల్డంల్యా."

లెక్చరర్ వచ్చి ఆయన పక్కన కూర్చున్నాడు. "గుర్తుగా రాయేమన్నా పెట్టినావా పెద్దాయనా?"

"గుర్తు పెట్టగూడదు సార్" అన్నాడు మామ. "తల్లి ఎతుక్కుంటా వస్తాదని."

తల్లి వచ్చింది. ఎటు అడుగేస్తే బిడ్డను తొక్కుతానోనని కదలలేక అక్కడే నిలబడిపోయాను.