ఇంజను ఆపి ఊళ్లోకి వచ్చే మనిషి

మా బావ పోయాడు. గుండెల్లో మంటగా ఉందంటే మధ్యాహ్నం ఆసుపత్రికి తీసుకుపోయాం, సాయంత్రానికి తెల్లబట్ట కప్పి ఇచ్చారు. శవాన్ని ఇంటికి తెచ్చే బండి కోసం మేమింకా వెతుకుతుండగానే నిజామాబాదు పెద్దమనుషులు సంతాప సభకు హాలు మాట్లాడేశారు. పదకొండో రోజు దాటేదాకా ఆగారు, అదొక్కటే వాళ్ళు చూపిన మర్యాద.

సభకు అక్కను తీసుకుని వెళ్ళాను. వేదిక వెనుక గుడ్డ మీద ‘విశ్వయాత్రికునికి నివాళి’ అని రాయించారు. ముందు వరుసలో కూర్చున్నవాళ్ళంతా ఆయన్ను ఇన్నేళ్ళూ ‘గప్పాల మిలిట్రీ’ అని, కోతలరాయుడని పిలిచిన వాళ్ళే. పక్క గదిలో సమోసాలు వేగుతున్నాయి. ఆ నూనె వాసన అగరొత్తుల పొగతో కలిసి హాలంతా నిండింది. అధ్యక్షుడు మా వీధి వకీలు. ఊళ్లో పెళ్ళి తప్ప ఏ సభ జరిగినా ఆయనే అధ్యక్షుడు. గొంతు సవరించుకుని, “రోము నగర రాజవీధుల్లో మోటారు సైకిలుపై విహరించిన మహనీయుడు” అని మొదలుపెట్టాడు.

మా బావ రోము చూడలేదు. చూశానని ఎన్నడూ చెప్పలేదు. ఆయన ఏం చూశాడో ఈ పెద్దమనుషుల్లో ఒక్కడూ ఒక్కసారైనా చివరిదాకా వినలేదు. నేను విన్నాను. అందుకే రాస్తున్నాను.

అక్కతో పెళ్ళయిన కొత్తలోనే బావ ఫౌజులో చేరి ఇటలీ దాకా పోయాడు. ఒక దళం నుంచి మరో దళానికి మోటారు సైకిలు మీద కబుర్లు చేరవేయడం ఆయన పని. రెండో ప్రపంచ యుద్ధం ముగిసి, ఇంటికి వచ్చే ఓడ కోసం కాచుకున్న రోజుల్లో పై అధికారిని బతిమాలి సెలవూ బండీ సంపాదించుకున్నాడు. పటంలో బూటు మడమలా కనిపిస్తుందే, ఆ దక్షిణపు కొసలో ఒంటరిగా తిరిగాడు. సున్నం లేకుండా పేర్చిన రాళ్ళ గోడలు, వాటి మధ్య ఎర్రమట్టి దారులు, గోడల అవతల మెలికలు తిరిగిన ఆలివ్ చెట్లు, వాటి నీడన గొర్రెలు. మలుపు దాకా చేలే. మలుపు తిరగగానే కాళ్ళ కింద సముద్రం.

“మన వడ్ల గుమ్మి మీద గడ్డి టోపి ఉంటది సూడు, గట్లుంటయి బామ్మర్దీ కొన్ని ఊర్లల్ల ఇండ్లు. గడ్డి గాదు, అంత రాయే,” అనేవాడు.

ఒక ముసలమ్మ సంగతి మాత్రం ఎన్నిసార్లు చెప్పినా కొత్తగానే చెప్పేవాడు. “ఎండపూట. ఊరంత పండుకున్నది. నేను డబడబడబ అనుకుంట నడిబజారుకొచ్చిన. ఒక ముసలవ్వ చీపురు పట్టుకొని ఉరికొచ్చింది. ఆమె భాష నాకు రాదు, నా భాష ఆమెకు రాదు. చీపురు మాత్రం మంచిగ సమజైంది. ఇంజను బంద్ జేసి బండి నూక్కుంట పోతుంటె మల్ల పిలిచింది. రొట్టె, టమాట, ఉల్లిగడ్డ పెట్టింది. తిట్టి బువ్వ పెట్టేది మా అవ్వ ఒక్కతే అనుకున్న. ఆడ గూడ ఉన్నది.”

ఆనాటి నుంచి ఏ ఊరి పొలిమేర వచ్చినా ఇంజను ఆపేసి, వాలు మీద చప్పుడు లేకుండా బండిని లోపలికి జారనివ్వడం ఆయనకు అలవాటైంది. ఇంకొకరి ఊళ్లో అడుగుపెట్టే పద్ధతి అది అనేవాడు.

ఆ దారుల్లోనే ఒక రైతు ఎదురయ్యాడట. పాత మోటారు సైకిలు, వెనక పక్కకు తిరిగి కూర్చున్న భార్య, ఆమె ఒళ్ళో రొట్టెల గంప. ఎక్కడికని బావ సైగ చేస్తే ఆమె నవ్వి రెండు కళ్ళూ వేలితో చూపిందట. “సంతకు గాదు, సావుకు గాదు, పెండ్లికి గాదు. ఉత్తగ సూడనీకె పోతున్నరు ఆలుమగలు!” అని మా బావ చెబుతుంటే, వంటింటి గడపలో అక్క చేట పక్కన పెట్టి వినేది. అక్కను వెనక కూర్చోబెట్టుకుని అలా ఊరికే చూడడానికి తిరగాలన్నది ఆయన బతుకులో ఉన్న ఒకే ఒక్క కోరిక. ఇల్లు కట్టాలనో పొలం కొనాలనో ఆయన అనగా నేను వినలేదు.

యాభై ఆరులో, రాష్ట్రం ఏర్పడిన ఏడాది, వేలంలో ఒక పాత మిలటరీ బండి కొన్నాడు. పంపుసెట్లు బాగుచేసే కొట్టు ఆయనది. తీరిక దొరికితే బోధన్, వర్ని, నందిపేట్. గానుగ రోజుల్లో చక్కెర ఫ్యాక్టరీ దారి పొడుగునా చెరకు బండ్లు బారులు తీరితే, ఎడ్లు బెదరకుండా మోటారు సైకిలును పక్కనే నడిపించుకుంటూ పోయేవాడు. తిరిగి వచ్చాక ఎవరైనా “ఏం పనికి పోయినవ్?” అంటే “పనేం లేదు” అనేవాడు. ఆ ఒక్క జవాబును ఈ ఊరు క్షమించలేదు. పని లేకుండా తిరిగేవాడికి ఆడమనిషి సంగతి ఏదో ఉంటుందని మన పెద్దమనుషుల లెక్క. వాళ్ళ బుర్రలు అంతకంటే దూరం పోవు. నేను ఏ కొత్త పుస్తకం చదివినా ముందు ఆయనకే చెప్పేవాణ్ణి. “దాన్ల తొవ్వ ఎట్లున్నదో సెప్పు” అని అందులోని దారి సంగతే అడిగేవాడు. సాహిత్య సభల్లో నన్ను ఎవరూ అంత మంచి ప్రశ్న అడగలేదు.

అత్తగారు ఉన్నంతకాలం అక్క బండి ఎక్కలేదు. ఆమె పోయి, పిల్లలు పెద్దవాళ్ళయ్యాక ఒకనాడు తనే అన్నది: “ఎన్నేండ్లు ముచ్చట్లు సెప్తవయ్యా? పా, సూసొద్దాం.”

చలికాలం. చందూరు వైపు బయల్దేరారు. వర్ని దాటాక దారి కాలువ కట్ట మీద నుంచి ఒక పల్లెలోకి దిగుతుంది. బావ కట్ట మీదే ఇంజను ఆపేశాడు. బండి మెల్లగా జారుతూ ఊరి నడుమకు వచ్చింది. ఇటలీలో అది మర్యాద. మన చెరకు పల్లెల్లో అలా చప్పుడు లేకుండా వచ్చేది ఆబ్కారీ వాళ్ళు మాత్రమే. బెల్లం పులియబెట్టి సారా కాసే ఇళ్ళ మీద దాడికి వచ్చేటప్పుడు వాళ్ళు దూరంగానే ఇంజను ఆపేస్తారు. వంటిళ్ళు వెతకడానికి ఒక ఆడమనిషిని వెంట తెస్తారు.

“ఆబ్కారోళ్ళొచ్చిన్రో!” అన్న కేకతో మగవాళ్ళు చెరకు తోటల్లో దూరారు. ఆడవాళ్ళు కుండలు ఎత్తి మోరీల్లో కుమ్మరించసాగారు. ఒక ముసలామె తన కుండతో నేరుగా అక్క మీదికే వచ్చింది. “మా ఇండ్లు దేవులాడనీకొచ్చినవానే? ఇగో, సూస్కో మంచిగ!” అని పులిసిన బెల్లం ఊట మొత్తం తల మీద గుమ్మరించింది. “మేం గాళ్ళం గాదవ్వా!” అని అక్క మొత్తుకుంటే వినే చెవులు అక్కడ లేవు.

అదే తడి బట్టలతో తిరిగి వస్తుంటే నిజామాబాదులో రైలు గేటు పడింది. చుట్టూ జనం, అక్క చుట్టూ ఈగలు. పక్కనే రిక్షాలో వకీలు. ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, గేటు లేచేదాకా ఇద్దరినీ ఎగాదిగా చూశాడు. దీపాలు పెట్టే వేళకు ఊరంతా ఒకటే మాట, ఆలుమగలు ఊరవతల తాగి, బండి మీద ఊరేగుతూ వచ్చారని.

అక్కను పసుపు కుంకుమలకు పిలవడం మానేశారు. నల్లా దగ్గర ఆడవాళ్ళు కొంగులు ముక్కుకు అడ్డం పెట్టుకునేవారు. జరిగింది ఇదీ అని నేను ఇంటింటికీ పోయి చెప్పాను. నవ్వారు.

కొన్నాళ్ళకు ఆ పల్లె ముసలామె దారి అడుగుతూ అడుగుతూ మా అక్క ఇల్లు వెతుక్కుని వచ్చింది. వాకిట్లో కూలబడి, “తప్పైంది బిడ్డా, కండ్లు మూసుకపోయినయి,” అని ఏడ్చింది. ఆ మాటల్లోనే ఇంకో మాట బయటపడింది. “తెల్లారే మా వకీల్ సాబ్‌కు సెప్పినం, అయ్యో, ఇంకెవలి మీదనో పోసినమని. గాయిన, నోరు మూస్కోండ్రి, మీ కేసుల మీదికొస్తది అన్నడు.”

ఆ పల్లె సారా కేసులన్నీ మా వకీలువే. అంటే మర్నాటి నుంచే ఆయనకు నిజం తెలుసు. తెలిసీ, క్లబ్బులో ఆ తాగుడు కథను కొత్త చిలవలతో చెబుతూ వచ్చాడు. నేను పోయి మొహం మీదే అడిగాను. “కేసు సంగతి పక్కకు పెట్టవయ్యా. కథ మంచిగున్నది గదా, ఎందుకు ఖరాబ్ జేసుడు?” అని పాన్ నములుతూ నవ్వాడు. నేను చాలా నీచత్వాన్ని చదివాను, చాలా చూశాను. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ ఉమ్మేయాలనిపిస్తుంది.

బావ మాత్రం ఎవరినీ ఏమీ అనలేదు. “ఆళ్ళకు ఎవలు నేర్పిన్రు బామ్మర్దీ, ఉత్తగ సూసుడు?” అన్నాడంతే. ఆ తర్వాత ఆయన దూరాలు పోవడం మానుకున్నాడనీ, ఈ ఊరే గెలిచిందనీ అనుకున్నాను. ఇన్నేళ్ళూ నన్ను తొలిచింది అదే.

ఇక సభ. వకీలు గొంతు బొంగురు చేసుకుని, “దంపతులుగా లోకాన్ని చుట్టిన ఆదర్శ జంట” అన్నాడు. సిగ్గు లేకుండా అన్నాడు. శాలువా విప్పి, కప్పుతాను రమ్మని అక్కను పిలిచాడు. నేను లేవబోతే అక్క నా భుజం నొక్కి తానే వేదిక ఎక్కింది. శాలువా వైపు చూడకుండా మైకు దగ్గరికి నడిచింది.

“వకీల్ సాబ్, మీరు జరంత జరుగుండ్రి. మా ఆయన ముచ్చట నేను సెప్త.” అక్క జనం వైపు తిరిగింది. “మేం తిరుగుడు బంద్ జేసినం అనుకున్నరు మీరు. బంద్ జెయ్యలే. మోకాళ్ళ మందుకు బోధన్ పోతున్నమని సెప్పి పోయేటోళ్ళం. మా తమ్మునికి గూడ సెప్పలే. సెప్తె గీడు ఎవలితోనన్న కొట్లాడి బయటపెడ్తడు.”

వెనక ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. అక్క ఆగలేదు.

“నందిపేట్ దిక్కు పసుపు ఉడకబెట్టే దినాలల్ల పోతె, తొవ్వ పొడుగూత ఆవిరే. గోదారి ఒడ్డుకు పోయి రొట్టె తినేటోళ్ళం. పనేం లేదు. ఉత్తగ సూసేటోళ్ళం. గా ఇటలీల సముద్రం ఎట్లుంటదంటె, గిట్లనే ఉంటది, జర పెద్దగ అనేటోడు.”

వకీలు రెండు చేతుల మీద పరిచిన శాలువాతో అక్క వెనకే నిలబడిపోయాడు. దాన్ని మడవాలో, కప్పాలో తెలియడం లేదు. అక్క అటు తిరగనే లేదు. పొద్దు వాలేటప్పుడు అవతలి ఒడ్డు నుంచి బర్రెలు ఈదుకుంటూ వస్తాయనీ, నీళ్ళ మీద కొమ్ములే కనబడతాయనీ, ఆ కొమ్ముల మీద తెల్లటి కొంగలు కూర్చుని వస్తాయనీ, ఆ హాలు గోడ వైపు చేయి చాచి చూపిస్తోంది.