బొమ్మల బుగ్గన చుక్క

రెండువేల మూడులో, కంప్యూటర్ కోర్సు పూర్తిచేసిన కొత్తలో, పెందుర్తిలో మా పక్కింటి నర్సమ్మ పిన్ని కుట్టే గుడ్డబొమ్మలకు వెబ్‌సైట్ తయారుచేశాను. స్కాన్ చేసిన నలభై ఫొటోల్లోనూ బొమ్మల బుగ్గల మీద నల్లమచ్చలు కనిపించాయి. స్కానర్ అద్దం మీది దుమ్మనుకుని, ఇంటర్నెట్ సెంటర్లో మూడు రోజులు కూర్చుని ఒక్కొక్కటే చెరిపేశాను. కళ్ళు మండాయి, మెడ పట్టేసింది.

ఆఖరికి పిన్నిని తీసుకెళ్ళి గర్వంగా చూపించాను. ఆవిడ మొహం మాడిపోయింది.

"సుక్కలేవే? లోకమంతా సూత్తాదన్నావని నానే కాటుక పెట్టినాను. పిల్లలకి దిష్టి తగలదేటి?"

సెంటర్లో అందరూ నవ్వారు. నాకు నవ్వే ఓపిక కూడా లేదు. మళ్ళీ కూర్చుని నలభై చుక్కలూ పెట్టాను.

ఆ తర్వాత ఎన్నో సైట్లు చేశాను. ఇప్పటికీ, పని పూర్తయ్యాక ఎవరికీ కనబడని మూలన ఒక నల్లచుక్క పెట్టందే నా చెయ్యి మౌస్‌ని వదలదు.