చెడిపోయిన లిఫ్టు ఘనకార్యం

ఆ ఫైనాన్స్ కంపెనీలో అందరూ ఆయన్ను పచ్చాయన అనేవారు. ఒంటి రంగు చూసి కాదు, చేసే పని చూసి. గాలికీ నీటికీ చెట్టుచేమలకీ కంపెనీ ఎంత మేలు చేస్తోందో ఏటా ఒక నివేదిక రాసి అచ్చు వేయించడం ఆయన ఉద్యోగం. కంపెనీ ఏ మేలూ చేయకపోవడం ఆయనకెప్పుడూ అడ్డంకి కాలేదు. ట్యాంకులోకి నీళ్ళెక్కకపోతే 'జల సంరక్షణ' అని రాశాడు. ఏసీ మొరాయిస్తే 'సహజమైన గాలికే మా ఓటు' అన్నాడు. ప్రింటరు మూలపడితే 'కాగితానికి స్వస్తి' అని నివేదిక అట్టమీదే వేయించాడు. మేనేజరు చదివి మురిసిపోయేవాడు.

ఒక వేసవిలో లిఫ్టు ఆగిపోయింది. మెకానిక్ వచ్చి చూసి, మోటారు కాలిపోయింది, మార్చాలన్నాడు. మేనేజరు రేపు మాపు అంటూ నెట్టుకొచ్చాడు. ఈలోగా నివేదిక అచ్చుకి వెళ్ళే రోజొచ్చింది. పచ్చాయన చెయ్యి ఊరుకుంటుందా? 'మా సిబ్బంది స్వచ్ఛందంగా లిఫ్టును త్యజించి కరెంటు వాడకాన్ని గణనీయంగా తగ్గించారు' అని రాసిపారేశాడు. ఆ ముక్క పట్టుకుని కంపెనీ 'హరిత డిపాజిట్' మొదలెట్టింది. తమ సొమ్ము మంచివాళ్ళ చేతిలో ఉంటుందని నమ్మి జనం బారులు తీరారు.

అసలు చిక్కు అక్కడే వచ్చింది. లిఫ్టు బాగుచేస్తే కరెంటు బిల్లు పెరుగుతుంది. పెరిగితే ఎందుకు పెరిగిందో వచ్చే ఏటి నివేదికలో చెప్పాలి. చెబితే డిపాజిట్ల పరువు మంటగలుస్తుంది. కాబట్టి మోటారు కొనే స్తోమత ఉన్నా సరే, లిఫ్టు బాగుపడడానికి వీల్లేదు. ఇలాంటి న్యాయం కనిపెట్టడానికి ఎంత చదువు చదవాలో నాకైతే తెలియదు.

ఆ న్యాయం వెళ్ళి వెళ్ళి పచ్చాయన అక్క మోకాళ్ళ మీద పడింది. ఆవిడది నాలుగో అంతస్తులో డిపాజిట్ల విభాగం. చిన్నప్పుడు తమ్ముణ్ణి పెంచింది ఆవిడే, కాళ్ళావేళ్ళా పడి అక్కడ ఉద్యోగం వేయించిందీ ఆవిడే. ఇప్పుడు ఒక్కో మలుపులో ఆగి, రొప్పుతూ, ఒక్కో రకంగా వాణ్ణి తిట్టుకుంటూ మెట్లెక్కేది.

"అక్కని కింది అంతస్తులో కూర్చోబెట్టండి సార్" అని పచ్చాయన మేనేజర్ని బతిమాలాడు.

"ఎందుకు దించారంటే ఏం చెప్తామయ్యా? మెట్లెక్కలేక అని రాస్తావా? స్వచ్ఛందం అన్నావుగా!"

పచ్చాయన తల గోక్కుంటూ బయటికొచ్చాడు.

ఒక సాయంత్రం అక్క మెట్ల మీదే కూలబడింది. "ఇక నా వల్ల కాదురా. ఈ నెలాఖరుకి మానేస్తా."

"మానేస్తే ఎలా గడుస్తుందక్కా?"

"స్వచ్ఛందంగా తిండి త్యజించిందని రాద్దువుగానిలే."

ఇంకెవరైనా అనుంటే పచ్చాయన పడీపడీ నవ్వేవాడే. ఆవిడ జీతం తప్ప అక్క ఇంటికి వేరే ఆధారం లేదు. ఆ రాత్రి ఆయనకు అన్నం సయించలేదు.

సరిగ్గా అప్పుడే కొత్త నిబంధన వచ్చింది. పచ్చదనం పేరు చెప్పి డిపాజిట్లు తీసుకునే కంపెనీ తను చెప్పిన ప్రతి మాటకీ ఆధారం చూపాలి. నివేదిక రాసినవాడు కింద సంతకం పెట్టాలి. అబద్ధమని తేలితే కంపెనీకి జరిమానా, రాసినవాడి ఉద్యోగానికి ఎసరు. కొద్దిరోజులకే తనిఖీ అధికారి దిగాడు. భారీ మనిషి. మెట్లెక్కి నాలుగో అంతస్తులోని మేనేజరు గది చేరేసరికి చొక్కా తడిసి ముద్దయింది. మాట పెగలడానికి కాసేపు పట్టింది.

"లిఫ్టు... వాడకపోవడం... స్వచ్ఛందమేనా?"

"నూటికి నూరుపాళ్ళు!" అన్నాడు మేనేజరు.

"అంటే, కావాలనుకున్నవాళ్ళు వాడుకోవచ్చన్నమాట. నేను దిగేటప్పుడు అందులోనే వెళ్తాను. ఆన్ చెయ్యమనండి."

కానియ్యి అన్నట్టు మేనేజరు పచ్చాయన వైపు చూశాడు. చేయి తిరిగినవాడు కదా, 'అతిథులు సైతం భూమాత కోసం' అనే ముక్క అప్పటికే నాలుక చివరికొచ్చింది. ఇంతలో మెట్ల మీంచి "వీడి చెయ్యి పడిపోను" అని రొప్పుతూ ఒక గొంతు వినిపించింది. ఆ రోజు ఆలస్యమైన అక్క గుమ్మం దాకా వచ్చి, తలుపు పట్టుకుని, మోకాలు నొక్కుకుంటూ నిలబడిపోయింది.

"అది పాడైంది సార్" అన్నాడు పచ్చాయన. "ఎవరూ ఏదీ త్యజించలేదు. రాసింది నేనే."

"అయితే అలాగే రాయండి" అన్నాడు అధికారి, మేనేజర్ని పక్కకి జరగమని కుర్చీలో కూలబడుతూ.

అలాగే రాశాడు. ఒక్క అలంకారం లేకుండా నాలుగు వాక్యాలు రాయడానికి ఆయనకు చెమటలు పట్టాయి. కంపెనీకి జరిమానా పడింది, లిఫ్టుకి కొత్త మోటారు వచ్చింది. అధికారి కాస్త కనికరించడంతో పచ్చాయన ఉద్యోగం ఊడలేదు గానీ, నివేదిక చేజారింది. డిపాజిటర్ల చేత తిట్లు తినడానికి కింద కౌంటర్లో పడేశారు.

లిఫ్టు నడిచిన మొదటి రోజు అక్క దాని ముందు నిలబడి ఉంటే, పచ్చాయన కౌంటరు వదిలి పరిగెత్తుకొచ్చాడు.

"ఇంకేం భయం లేదక్కా, మోకాళ్ళు అవే సర్దుకుంటాయి" అన్నాడు సంబరంగా.

"మళ్ళీ మొదలెట్టావా?"

ఆయన అక్క మోకాళ్ళ వైపు చూశాడు. "సర్దుకోవక్కా. నా వల్లే పాడయ్యాయి" అన్నాడు.

అక్క తమ్ముడి చెయ్యి గట్టిగా పట్టుకుంది. లిఫ్టు వచ్చి, తలుపు తెరుచుకుని, ఎవరూ ఎక్కకపోయేసరికి ఖాళీగానే పైకి వెళ్ళిపోయింది.