అందరూ కూర్చునేదాకా తెరవని పులిహోర గిన్నె

పాపకూర అనే ఈ ఊళ్ళో మా పక్కింటి ఆంటీ ఇక లేరు. పోయిన వారం పొద్దున్నే ఆస్పత్రి నుంచి వాళ్ళబ్బాయి ఫోన్ చేసి చెప్పాడు. ఆఫీసుకి బయల్దేరి కారులో కూర్చున్నదాన్ని, దిగి లోపలికి వచ్చి హాల్లో అలాగే నిలబడిపోయాను. ఆవిడ మాకు బంధువు కాదు. అయినా ఇంట్లో పెద్దదిక్కు పోయినట్టుంది.

ఈ చలిదేశంలో కుండీలో కరివేపాకు పెంచి, కంచె మీదుగా రెబ్బలు అందించేవారు. "ఫ్రీజర్‌లో దాచకమ్మాయ్, కావాల్సినప్పుడు అడుగు" అనేవారు. అడగడానికి మొహమాటపడితే ఆవిడకి కోపం వచ్చేది.

ఎండాకాలంలో వచ్చే వైటాంగి డే ఇక్కడి జాతీయ దినం, దేశమంతా సెలవు. మా వీధిలోని తెలుగు కుటుంబాలన్నీ గిన్నెలు మోసుకుని బీచ్‌కి వెళ్ళేవాళ్ళం. పులిహోర ఆంటీది. గుంటూరు మనిషి, ఎండుమిరపకాయలకి లోటు చేసేవారు కాదు. వంటకి వంక పెట్టలేం గానీ, వడ్డన దగ్గర అందరికీ విసుగే. పిల్లాపెద్దా అంతా దుప్పటి మీద కూర్చుని, ఆవిడ ఒక్కొక్కరి మొహం చూసుకుంటే గానీ మూత తీసేవారు కాదు.

"ఇదేమన్నా స్కూలా ఆంటీ, హాజరు వేస్తున్నారు?" అని మా ఆయన ఆటపట్టించేవాడు.

"స్కూలే అనుకో బాబూ. ఒకళ్ళు రాకుండా మిగతావాళ్ళు తినడమేంటి?"

మూడేళ్ళ కిందట వైటాంగి డేకి గాలి మరీ ఎక్కువగా ఉంది. పేపర్ ప్లేట్లు ఎగిరిపోతున్నాయి. పిల్లలు ఆకలని గొడవ. "ఇవాళ్టికి పెట్టెయ్యండి ఆంటీ" అన్నాడు మా ఆయన. ఆవిడ మూత మీద చెయ్యి తియ్యలేదు.

"మీ పాప ఏదమ్మాయ్?"

"మిగతా పిల్లలతో ఉంటుంది ఆంటీ."

"పిల్లలంతా ఇక్కడే ఉన్నారు కదే!"

లేచి చుట్టూ చూశాను, పాప లేదు. ఒకరు టాయిలెట్ల వైపు, ఒకరు ఉయ్యాలల వైపు పరుగెత్తారు. నేను నీళ్ళకేసి చూశాను. చాలా దూరంలో గాలి నింపిన ఈత రింగు, దాన్ని కరుచుకుని మా ఆరేళ్ళ పాప. ఒడ్డు నుంచి వీచే గాలి దాన్ని లోపలికి తోసుకుపోతోంది. నోరు తెరిచి అరుస్తోందని తెలుస్తోంది గానీ ఏమీ వినిపించడం లేదు.

మా ఆయన దూకి ఈదాడు. ఎంత ఈదినా రింగు ఇంకా దూరమే అవుతోంది. నేను గొంతు చించుకుంటున్నాను. అటుగా కయాక్ అనే చిన్న తెడ్డు పడవలో వెళ్తున్న ఈ దేశపు కివీ పెద్దాయనొకరు ఆ కేకలు విని తిరిగారు. పాపని అందుకుని, బీచ్ అవతలి చివర ఒడ్డుకి చేర్చారు. మా ఆయన వెనక్కి ఈదుకొచ్చాడు. పరుగున వెళ్ళి ఎత్తుకున్నాను. గడగడ వణుకుతూ, "మమ్మీ, ఐ కాల్డ్ యూ" అంది. మరి కాసేపు ఎవరూ చూడకపోయి ఉంటే అన్న ఆలోచన ఇప్పటికీ నన్ను వదల్లేదు. ఆంటీ కాళ్ళకి ఆ రోజే దండం పెట్టాను, చాల్లేదు.

పాపని ఎత్తుకుని వెనక్కి వచ్చేసరికి అందరూ మాకు ఎదురొస్తున్నారు. ఆంటీ ఒక్కరే లేరు. ఈత రాని మనిషి, చీరతోనే నడుం లోతు నీళ్ళలో దిగి ఉన్నారు. కళ్ళజోడు అలలో పోయింది. పాప ఒడ్డెక్కడం ఆవిడకి కనిపించలేదు. ఖాళీ నీళ్ళకేసి చెయ్యి చాపి, "పట్టుకో తల్లీ, పట్టుకో" అంటూనే ఉన్నారు.