పంచె సాగర్

దయాసాగర్‌కు ఆత్మకూరు బస్టాండు దగ్గర జెరాక్స్ షాపు. ఒక కాగితం ఇస్తే అచ్చం అలాంటిదే ఇంకొకటి తీసి ఇవ్వడం అతని బతుకుతెరువు. అందుకే కవలలు పుట్టినప్పుడు తెలిసినవాళ్లంతా ఒకే జోకు వేశారు, అతనూ పళ్లికిలించాడు. షాపులో అసలేదో నకలేదో చిటికెలో చెప్పేస్తాడు కానీ, ఇంట్లో ఏ పిల్ల ఎవరో చెప్పడం మాత్రం ఏడేళ్లుగా అతని వల్ల కాలేదు.

ఆ సంగతి బయటపడకుండా ఎలాగో నెట్టుకొస్తున్నాడు. పిల్లల పేర్లు రూబీ, పెర్లీ. భార్య ఏంజెలిన్ మెడలో వేయలేకపోయిన కెంపులూ ముత్యాలూ పైసా ఖర్చు లేకుండా పిల్లల పేర్లలో పెట్టేశాడు. రూబీకి ఎర్ర రిబ్బను, పెర్లీకి తెల్ల రిబ్బను కట్టడం ఏంజెలిన్ పని. ఆ రిబ్బన్లు ఉన్నంతసేపు దయాసాగర్ అంతటి తండ్రి లేడు. తలంటు రోజున అసలు కష్టం మొదలవుతుంది. ఏంజెలిన్ ఊళ్లో లేని ఒక ఆదివారం ఒకే పిల్లకు రెండుసార్లు తలంటేశాడు. రెండో పిల్ల నూనె ఓడుతున్న తలతోనే చర్చికి వచ్చింది. అడిగినవాళ్లకు "ఇంకా ఆరలేదండీ" అని సర్దిచెప్పాడు. పిలవాల్సి వస్తే "బంగారూ" అంటాడు, ఇద్దరిలో ఎవరో ఒకరు పలుకుతారు. ఏదో ఒక రోజు ఒక పిల్ల తన మొహంలోకి చూసి, నేనెవరో డాడీకి తెలియదని కనిపెట్టేస్తుందని అతనికి లోలోపల భయం. ఆ భయం ముందు మిగతావన్నీ చిన్నవే.

ఈ లోటును ఉపన్యాసాలతో పూడ్చుకునేవాడు. "మీ వయసులో నేను..." అని మొదలుపెట్టాడంటే ఆ కథలోని దయాసాగర్ కోడి కూయకముందే లేచేవాడు, పెట్టింది తినేవాడు, పెద్దల మాట జవదాటేవాడు కాదు. అలాంటి పిల్లవాణ్ణి అతని సొంతూరు ఉదయగిరిలో ఎవరూ చూసిన పాపాన పోలేదు.

ఈ వేసవి సెలవుల్లో పిల్లలు ఉదయగిరిలో అతని తల్లి శీనమ్మ దగ్గర ఉండి, అక్కడి చర్చిలో వి.బి.యస్.కు వెళ్లారు. ఎండాకాలం పిల్లలకు పాటలూ కథలూ నేర్పే ఆ బడిలో చివరి సాయంత్రం ఒక్కొక్కరూ మైకు ముందు నిలబడి ఒక బైబిలు వాక్యం చూడకుండా చెప్పాలి. చిన్నపిల్లలకు ఆ చర్చిలో మొదట నేర్పే వాక్యం దయాసాగర్ చిన్నప్పటి నుంచీ ఒకటే, బహుమానమూ ఒకటే, స్టీలు సోపు పెట్టె. ఆ చివరి రోజు మధ్యాహ్నం దయాసాగర్, ఏంజెలిన్ ఆత్మకూరు బస్సు దిగి శీనమ్మ ఇంటికి చేరేసరికి తెల్ల రిబ్బను పిల్ల మంచం కింద దూరి ఉంది.

"నేను చెప్పను డాడీ. అందరూ నన్నే చూస్తారు."

"ఇంత మాత్రానికే భయమా? మీ వయసులో నేను మైకు పట్టుకుంటే వదిలేవాణ్ణే కాదు!"

వంటింట్లోంచి శీనమ్మ గరిటెతో సహా బయటికి వచ్చింది. అది ఆమె భర్త కొండలయ్య చెక్కిన గరిటె. చెక్క గరిటెలూ స్పూన్లూ చెక్కి ఇల్లు నడిపిన ఆ మనిషి పోయి నాలుగేళ్లయింది.

"మైకా? రేయ్ సాగరా, నువ్వు పట్టుకునింది మైకు కాదురా, మీ నాయన పంచె! వదలమంటే వదల్లా. ఆయన చేసేదేం లేక నీతోబాటే స్టేజీ ఎక్కినాడు. నువ్వు ఎనకాల దాక్కోని పంచె లాగతా ఉండావు. పాపం ఆయన ఒక చేత్తో పంచె పట్టుకోని నీ వాక్యం ఆయనే చెప్పినాడు. సోపు పెట్టె కూడా ఆయనకే ఇచ్చినారు. పంచె సాగర్ అంటేనే గదా ఈడ నిన్ను ఎవరైనా గుర్తుపట్టేది!"

ఏంజెలిన్ నవ్వాపుకోలేక మంచం మీద కూలబడింది. మంచం కింద నుంచి కూడా నవ్వు వినిపించింది. ఏడేళ్లుగా కట్టుకున్న పరువు గంగలో కలిసింది. దయాసాగర్ "ఎండకు తల తిరగతా ఉండాది" అని అరుగు మీదికి వెళ్లి కూర్చున్నాడు.

సాయంత్రం చర్చిలో ముందు ఎర్ర రిబ్బను పిల్ల వచ్చి గడగడా చెప్పి వెళ్లింది. కాసేపటికి తెల్ల రిబ్బను పిల్ల వచ్చింది. దయాసాగర్ బెంచీ అంచుకు జరిగి కూర్చున్నాడు. ఆ పిల్ల మైకును తన ఎత్తుకు వంచుకుని మరీ ఖంగుమని చెప్పింది. అతను లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు, కళ్లు తుడుచుకున్నాడు.

"మద్యాన్నం మంచం కింద ఉండింది సార్. నేనే ధైర్యం చెప్పినాను," అన్నాడు పక్కనున్న జయపాల్ మాస్టారితో.

కార్యక్రమం ముగిసి జనమంతా రస్నా గ్లాసుల దగ్గరికి కదిలారు. ఎర్ర రిబ్బను పిల్ల మాత్రం వచ్చి అతని పక్కన బెంచీ మీద కూర్చుంది.

"పెర్లీ బాగా చెప్పిందా డాడీ?"

"అదరగొట్టింది! నువ్వు కూడా బాగానే చెప్పినావులే రూ..."

లేవబోతే చొక్కా రాలేదు. కిందికి చూశాడు. చిన్న పిడికిలి ఒకటి చొక్కా అంచును వేళ్లు పాలిపోయేలా పట్టుకుని ఉంది. ఆ పట్టు అతనికి బాగా తెలుసు. రూబీ పుట్టి బుద్ధెరిగి ఎవరి చొక్కా పట్టుకున్నది లేదు. అటు చూస్తే తెల్ల రిబ్బను పిల్ల రెండు సోపు పెట్టెలు చంకలో పెట్టుకుని రెండో గ్లాసు రస్నా తాగుతోంది. ఒకే పిల్ల రిబ్బను మార్చుకుని రెండుసార్లు చెప్పింది, తండ్రిగారు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. దయాసాగర్‌కు సిగ్గు ముంచుకొచ్చింది. పక్కనున్న పిల్ల కళ్లార్పకుండా తన మొహంలోకే చూస్తోంది.

"పెర్లీ," అన్నాడు మెల్లగా.

పిల్ల మొహం విప్పారింది, ఆ వెంటనే ఏడుపు తన్నుకొచ్చింది. "అమ్మ చూడంగానే కనిపెట్టింది. అవ్వ కూడా కనిపెట్టింది. నీకే నేనెవరో తెలీదనుకున్నా."

"నాకెందుకు తెలీదు..." అని ఎప్పటిలా మొదలుపెట్టి ఆగిపోయాడు. "ఇప్పుడే తెలిసింది బంగారూ. కాదు, పెర్లీ. ఇప్పుడు చెప్తావా? ఎవరూ లేరు."

"నువ్వు కూడా రా."

ఇద్దరూ స్టేజీ ఎక్కారు. మైకు సెట్టు మనిషి వైర్లు చుడుతున్నాడు. పిల్ల చొక్కా పట్టుకుని వెనక నక్కింది. నాయన చేసినట్టే చేద్దామని దయాసాగర్ గొంతు సవరించుకుని వాక్యం ఎత్తుకున్నాడు. రెండు మాటలకే ఆగిపోయింది. ఆనాడు నాయనే చెప్పేశాడు కదా, ఇతను నేర్చుకున్నదెప్పుడు?

"అట్ల కాదు డాడీ," అని వెనక నుంచి మూడో మాట అందింది. నాలుగో మాట కూడా తప్పాడు. పెర్లీకి ఓపిక నశించింది. వెనక నుంచి ముందుకు వచ్చి, ఖాళీ బెంచీల మీదుగా గుమ్మం దాకా వినిపించేలా మొదటి నుంచి చివరి దాకా తానే చెప్పేసింది. వైర్లు చుట్టే మనిషి పని ఆపి తలెత్తి చూశాడు.

చెప్పడం అయిపోయినా పెర్లీ చొక్కా వదల్లేదు. దయాసాగర్ వదలమనలేదు.