మొక్కు పోతు

మా పాలు వాసన వస్తున్నాయన్న మాట మొదటిసారి విన్నప్పుడు నాకు ఒళ్లు మండింది. చెప్పింది కోదాడలో మా మేకపాలు తీసుకునే దుకాణం ఆయన. "అమ్మా, ఏమనుకోకండి. నిన్నటి పాలు ముగ్గురు తిరిగి తెచ్చిచ్చేశారండి. ఏదో వాసనంట" అన్నాడు ఫోన్‌లో. ఏమనుకోకుండా ఎలా ఉంటాను? మోతె దగ్గర మా పల్లెలో మేకను కోసుకుని తినేవాళ్లే తప్ప పిండుకుని తాగేవాళ్లు లేరు. సూర్యాపేటలో ఇల్లిల్లూ తిరిగితే, "పోతులుంటే చెప్పమ్మా" అన్నారు. మా పాలను పాలుగా అడిగి తీసుకున్నది ఆయన ఒక్కడే. ఆయన కూడా వద్దంటే నా మేకలన్నీ మళ్లీ కూరకే పోతాయి.

ఇక నా తిప్పలు మొదలయ్యాయి. ప్లాస్టిక్ క్యాన్ పారేసి స్టీలుది తెచ్చాను. వడగట్టే గుడ్డను రోజూ ఉడకబెట్టాను. పొదుగులు గోరువెచ్చని నీళ్లతో కడిగి, పొడిగుడ్డతో తుడిచి, అప్పుడు పిండాను. మేతగా వేసే సుబాబుల్ ఆకు వల్లేమోనని అది మాన్పించాను. మేకలు నా మీద అలిగి పాలు తగ్గించాయి. మా ఆయన ఒకరోజు నన్ను పైనుంచి కిందికి చూసి, "చేతులు మంచిగ కడుగుతున్నవా?" అన్నాడు. ఆ మాటకు రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. అత్తమ్మ మాత్రం అరుగు మీద కూర్చుని, "మేకపాలు మేక వాసన రాకుంటే మల్లెపూల వాసనొస్తయా? టౌనోళ్ల ముక్కులకు ఏదో ఒకటి గావాలె" అనేది. ఆమె మేకపాలు నోట పెట్టదు. చాయ్‌కి బర్రెపాలే కావాలి.

అసలు సంగతి మా చెల్లెలు చెప్పింది. మిర్యాలగూడ నుంచి ఒక ఆదివారం వచ్చి, నన్ను కావలించుకోబోయి ఆగిపోయింది. "ఛీ, అక్కా! నీ కొంగంత పోతు కంపు గొడ్తున్నది. గిట్లనే పాలు పిండుతున్నవా?"

కొంగు ముక్కు దగ్గర పెట్టుకుని చూసుకున్నాను. నాకేమీ తెలియలేదు. నా ముక్కు ఎప్పుడో అలవాటు పడిపోయింది.

మా మందలో ఒక పోతు ఉంది. మదమెక్కిన పోతు తన గడ్డం మీద తానే ఉచ్చ పోసుకుంటుంది. ఆ కంపు అది రాసుకున్న ప్రతి మేకకూ, ఆ మేకను ముట్టిన ప్రతి చేతికీ అంటుతుంది. చివరికి పాలకూ పడుతుంది. పోతును పాలమేకలకు దూరంగా కట్టాలని మాకు మేకలు అమ్మినాయన మొదటి రోజే చెప్పాడు. మేమూ కట్టాం. కానీ ఈ యేడు అత్తమ్మ దాన్ని పండుగకు కోస్తానని ముత్యాలమ్మకు మొక్కింది. అమ్మవారి పేరు మీద వదిలిన పోతును మా ఇంట్లో కట్టేయరు. ఎక్కడ తిరిగినా, ఎవరి చేను మేసినా ఒక్క మాట అనరు. అది చేలకు పోయినా బాగుండేది. ఆడమేకలను వదిలి అదెక్కడికి పోతుంది? నెల రోజులు నేను క్యాన్లు తోముతుంటే అది నా కళ్ల ముందే మేకలను రాసుకుంటూ తిరిగింది. దాన్ని చూస్తూ కూడా నేను ఆకుల మీద అనుమానపడ్డాను. నా తెలివికి నన్ను నేనే రెండు పీకాలనిపించింది.

ఆ సాయంత్రమే పోతును బావి దగ్గరి కొట్టంలో కట్టేశాను. తెల్లారేసరికి మళ్లీ దొడ్లో ఉంది. మళ్లీ కట్టాను, అత్తమ్మ మళ్లీ విప్పింది. ఇలా వారమంతా గడిచింది. "సోమవారం పాలు కూడా ఇలాగే ఉంటే ఇంక పంపకండమ్మా" అని కోదాడ ఆయన తేల్చి చెప్పేశాడు. శనివారం నేను తాడు చేతికి చుట్టుకుని నేరుగా ఆమె ముందుకే పోయాను.

"అత్తమ్మా, నా బేరం ఖతమైతున్నది. రెండు దినాలు కట్టేస్తే ముత్యాలమ్మ ఏమనుకుంటది?"

"కట్టేస్తే మొక్కు చెడుతది. నేను కట్టనియ్య."

"గంత పెద్ద మొక్కు దేనికి మొక్కినవ్? ఇంట్ల అందరం మంచిగనే ఉన్నం గద!" అని అరిచాను.

ఆమె నన్ను వింతగా చూసింది. "నీ కోసమే మొక్కిన బిడ్డా. కోదాడల నీ పాలు మంచిగ అమ్ముడువోవాలెనని."

నవ్వుదామంటే ఏడుపు వచ్చింది. నా మేకల గొడవ ఈ ఇంట్లో ఎవరికీ పట్టదనుకునేదాన్ని. ఆమెకు ఇంతగా పట్టింది. ఆ పట్టింపే నా కొంప ముంచింది.

సోమవారం మా ఆయన బండి మీద పోయిన క్యాన్ పోయినట్టే తిరిగొచ్చింది. పారబోయడానికి చేతులు రాక పాలు పొయ్యి మీద పెట్టాను. కాగాక ఒక గ్లాసు నింపి, అత్తమ్మ ముందు పెట్టాను. ఆమె నా వంక చూసి, గ్లాసు వంక చూసి, ఒక్క గుక్క తాగింది. మూతి తుడుచుకుంది.

"అవునే, వాసనొస్తున్నయ్" అంది మెల్లగా.

నాకు ప్రాణం లేచి వచ్చింది. "అయితే ముత్యాలమ్మ పండుగకు ఆగుడెందుకు? ఈ ఆదివారమే ఇచ్చేద్దాం అత్తమ్మా. మొక్కు తీరుతది, నా పీడ పోతది."

ఆమె గ్లాసు పక్కకు జరిపింది. "ఎట్లిస్తం బిడ్డా? మొక్కింది అయితెనే గద ఇచ్చుడు. ముందు నీ పాలు అమ్ముడువోనియ్యి."